నాలుగు వేళ్ళు ముందున్న మెడ

ఆ రోజుల్లో ఫిల్మ్ నగర్‌లో మనుషులకంటే బండరాళ్ళే ఎక్కువ. చెక్ పోస్టు దగ్గర బస్సు దిగితే అక్కడి నుంచి నడకే. ఎండకు కాలిన బండల మధ్య నుంచి ఎక్కి వెళితే, కొండ మీద ఎవరో పెట్టి మరిచిపోయినట్టుగా పెద్ద పెద్ద షెడ్లు, వాటి లోపల రాజుగారి కోటలూ పేదవాడి గుడిసెలూ పక్కపక్కనే. అలాంటి చోట, అలాంటి కాలంలో, మనిషి తలకాయ ఎక్కడుందో తెలుగు సినిమాలో మొట్టమొదట కొలిచి చెప్పినవాణ్ణి నేనే. నవ్వకండి. తల మెడ మీద కాక ఇంకెక్కడుంటుంది అని మీరు అనుకుంటున్నారు చూడండి, నలభై ఏళ్ళ కిందట కెమెరా వెనక నిలబడిన మహామహులు కూడా అలాగే అనుకున్నారు. ఒళ్ళు ఒకచోట, తల ఇంకోచోట ఉండే మనుషులుంటారని, ఆ రెండింటికీ మధ్య దూరం కొలవకపోతే కొంప మునుగుతుందని కనిపెట్టింది నేను. ఒక పెద్ద హీరో మెడను దారిలో పెట్టి, ఆగిపోబోయిన సినిమాను నిలబెట్టిన ఘనత కూడా నాదే. (ఈ చివరి రెండు వాక్యాల కింద పెన్సిల్‌తో సన్నగా గీత గీసుకోండి. ముందుముందు వాటి గురించి మాట్లాడుకోవలసి వస్తుంది.)

ఇప్పుడీ పాత కథ ఎందుకు తవ్వుతున్నానంటే, కోపం వచ్చింది కనక. పోయిన నెల మెడ పట్టేసిందని మా మనవరాలు నన్ను జూబ్లీ హిల్స్‌లో ఒక క్లినిక్కి తీసుకుపోయింది. అక్కడొక అమ్మాయి, నా కళ్ళజోడు కంటే వయసులో చిన్నది, నన్ను గళ్ళు గీసిన గోడ పక్కన నిలబెట్టి, పక్కనుంచి ఫోన్‌తో ఫొటో తీసి, ఆ ఫొటోలో నా చెవి నుంచి భుజం దాకా ఒక ఎర్రగీత గీసి, "అంకుల్, మీ హెడ్ చాలా ఫార్వర్డ్‌గా ఉంది. ఇయర్ కరెక్ట్‌గా షోల్డర్ పైన ఉండాలి. ఫోన్ ఎక్కువ చూస్తారా?" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అమ్మా, మీ అమ్మ లంగా ఓణీలు కూడా వెయ్యని రోజుల్లోనే నేను..." అని మొదలుపెట్టాను. మనవరాలు చెయ్యి గిల్లింది. "తాతా, ప్లీజ్, జర చుప్ ఉండు." చుప్ ఉన్నాను. బయటికొచ్చి చూస్తే కోపం ఇంకా పెరిగింది. వీధి పొడుగునా కార్లకు ఆనుకున్న డ్రైవర్లు, కాఫీ గ్లాసులతో నడిచే కుర్రాళ్ళు, ఆఖరికి గేటు దగ్గర కుర్చీ వేసుక్కూర్చున్న వాచ్‌మన్, ఒక్కడి చెవీ భుజం మీద లేదు! తలలన్నీ ఫోన్ల వెంట ముందుకు పోయాయి, ఒళ్ళు మాత్రం వెనకే ఉండిపోయాయి. వీళ్ళందర్నీ వదిలేసి, ఒకప్పుడు కొండ మీద ప్రతివాడూ "నిటారు" అని పిలిచిన నన్ను పట్టుకుని తల ముందుకుంది అంటుందా!

ఆ పేరు ఊరికే రాలేదు. మాది యూసుఫ్‌గూడ. కాలేజీలో కవాతు నేర్పిన హవల్దారు ఒకాయన "గడ్డం లోపలికి! ఛాతీ బయటికి!" అని మూడేళ్ళు అరిచి అరిచి నన్ను గునపంలా తయారుచేశాడు. డిగ్రీ తప్పాను కానీ నిలబడటం మాత్రం ఫస్టు క్లాసులో పాసయ్యాను. ఉద్యోగం కూడా ఆ చదువుకే వచ్చింది. హీరోగారి ఎత్తూ నా ఎత్తూ ఒకటే, అంగుళం తేడా లేదు. ఆయన మేకప్ గదిలో ఉన్నంతసేపూ, ఆయన నిలబడవలసిన చోట చాక్‌పీస్ గీత మీద నేను నిలబడాలి. నా మొహం చూసుకుంటూ లైట్లు సర్దుకుంటారు. అంతా కుదిరాక నన్ను పక్కకి నెట్టి ఆయన్ని పిలుస్తారు. అంతే పని. (చుట్టాలకు మాత్రం "హీరోగారు లేనప్పుడు అంతా నేనే చూసుకుంట" అని చెప్పేవాణ్ణి. ఏం చూసుకుంటానో ఎవరూ అడగకపోవడం నా అదృష్టం.)

అలా నిలబడిన నా మొహం దాకా కెమెరా దగ్గర్నుంచి టేపు పట్టుకొచ్చి కొలిచేవాడు మా టేపన్న. బెజవాడ వైపు మనిషి. మద్రాసులో పని నేర్చుకుని, కెమెరామన్‌గారి వెంట ఇక్కడికి వచ్చాడు. కెమెరా నుంచి నా కంటికి ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు అని కొలిచి, ఆ అంకె దగ్గరికి లెన్సు తిప్పి పెడితేనే మొహం స్పష్టంగా పడుతుంది. అంకె తప్పితే మసక. ఆ మసక ఇప్పట్లా అక్కడికక్కడ టీవీలో కనబడి చావదు. ఫిల్ము మద్రాసు వెళ్ళి, కడిగించుకుని, వారం తర్వాత తిరిగొచ్చి తెరమీద పడ్డాకే తెలిసేది. అందుకని టేపన్న కొలిచేటప్పుడు ఊపిరి కూడా తీసేవాడు కాదు. హీరోగారినే కొలవొచ్చు కదా అంటారా? ఆయన టేపును దగ్గరికి రానిచ్చేవారు కాదు. "బతికున్న మనిషికి దర్జీ తప్ప ఇంకెవడు కొలతలు తీసినా అది పాడె కోసమేనయ్యా" అనేవారు. (ఒకసారి ఎవడో కొత్తవాడు తెలియక టేపు కొనను ఆయన ముక్కు దాకా తెచ్చాడట. ఆ పూట షూటింగ్ ఆపి, కొబ్బరికాయలు తెప్పించి, దిష్టి తీయించుకుని ఇంటికెళ్ళిపోయారట.) కాబట్టి ఆయన కొలతలన్నీ నా మొహానికే. కొలిచిన ప్రతిసారీ టేపన్నది ఒకటే ప్రశ్న.

"ఒరేయ్ నిటారూ, హీరోగారు నిలబడ్డట్టే నిలబడ్డావా?"

"అచ్చం గట్లనే నిలబడ్డ అన్నా."

ఇక ఆ హీరోగారి మెడ. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అయినా ఆ మెడను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు మనిషి బాగానే ఉండేవారు. "స్టార్ట్" అన్న మాట వినబడగానే, తాబేలు చిప్పలోంచి చూసినట్టు, ఆ తల ముందుకు వచ్చేది. ఎందుకంటే అప్పటికే ఆయన గడ్డం కింద ఇంకో గడ్డం బయలుదేరింది. మెడ ముందుకు చాచి మొహం కాస్త ఎత్తితే ఆ రెండోది మాయమవుతుందని ఎవరో చెప్పారు. నిజంగానే మాయమయ్యేది కూడా. కానీ ఏమయ్యేదంటే, కాళ్ళు చాక్‌పీస్ గీత మీదే ఉండేవి, తల మాత్రం గీత దాటి వెళ్ళిపోయేది. కొలిచింది నా కంటికి, కెమెరా ముందుకొచ్చింది ఆయన కన్ను. ఆ రెంటికీ మధ్య నాలుగు వేళ్ళ తేడా! వెలుగు దండిగా ఉన్న సీన్లలో ఇది ఎవరికీ తెలిసేది కాదు. వెలుగు ఎక్కువుంటే లెన్సు ముందూ వెనకా జానెడు మేర క్షమించి స్పష్టంగానే చూస్తుంది. ఆ క్షమాగుణం మీద ఆధారపడి సగం సినిమా అయిపోయింది.

అప్పుడొచ్చింది తల్లి చనిపోయే సీను. కెమెరామన్‌గారికి ఒక ఆలోచన పుట్టింది. పెద్ద లైట్లు వద్దు, మంచం పక్కన లాంతరు వెలుగు ఉన్నట్టే ఉండాలి, చూసేవాడి గుండె పట్టేయాలి అన్నారు. వెలుగు అంత తగ్గిస్తే లెన్సు రెండు వేళ్ళ మందం తప్ప ఇంకేమీ స్పష్టంగా చూడదు. చెప్పుకోవలసిందేముంది, నేను గీత మీద గునపంలా నిలబడ్డాను, టేపన్న నా కంటికి కొలిచాడు, హీరోగారు వచ్చి మెడ చాచి ఏడ్చారు. యూనిట్లో ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. నిర్మాతగారు అక్కడికక్కడే హీరోగారి కాళ్ళకు దండం పెట్టినంత పని చేశారు.

వారం తర్వాత ఒక పొద్దున్నే, మద్రాసు నుంచి వచ్చిన ఆ ముక్కను చిన్న థియేటర్లో వేసి చూశాం. (నన్నెవరూ పిలవలేదు. తలుపు పక్కన నిలబడి చూశాను. నిలబడటమే కదా నా వృత్తి.) తెర నిండా హీరోగారి మొహం. ఆ మొహంలో కళ్ళు మసక, ముక్కు మసక, కారుతున్న కన్నీళ్ళు మసక. చెవులు మాత్రం ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, వాటి మీది వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. చెవుల పక్కనే విగ్గు అంచు, దాని జల్లెడ గుడ్డ, అది అంటించిన జిగురు, అన్నీ పండగ చేసుకుంటున్నట్టున్నాయి. లైట్లు వేశారు.

"నా చెవులు చాలా బాగా నటించాయయ్యా" అన్నారు హీరోగారు.

"తల్లి చచ్చిపోతుంటే విగ్గు కనబడుతోందేంటండీ!" అని నిర్మాతగారు నెత్తి బాదుకున్నారు.

కెమెరామన్‌గారు లేచి, వెనక వరుసలో ఉన్న టేపన్న వైపు తిరిగారు. ఆయన అరిచే మనిషి. ఆ రోజు అరవలేదు. అదే భయంగా ఉంది. "ఏరా, పదేళ్ళ నుంచి నా దగ్గరున్నావు. టేపు పట్టుకోవడం కూడా మరిచిపోయావా? ఎల్లుండి పొద్దున మళ్ళీ ఇదే సీను తీస్తున్నాం. ఇది ఎలా తప్పిందో, ఎవడి వల్ల తప్పిందో ఎల్లుండి నాకు అందరి ముందూ చెప్పాలి. చెప్పలేకపోయావా, ఆ సాయంత్రమే మద్రాసు బండెక్కు. మళ్ళీ నా కెమెరా ముట్టుకోకు" అన్నారు.

ఫోకస్ తప్పినవాడు అని ఒక్కసారి పేరు పడితే ఇంకే కెమెరామన్ దగ్గరా చేర్చుకోరు. ఆ సంగతి టేపన్నకూ తెలుసు, నాకూ తెలుసు. పైగా అప్పటికి పదిహేను రోజుల కిందటే భార్యను ఊరి నుంచి తీసుకొచ్చి, మా గల్లీలోనే రెండు గదులు కిరాయికి తీసుకుని కాపురం పెట్టాడు. ఆవిడకి ఏడో నెల. ఆ మధ్యాహ్నం చూస్తే టేపన్న సెట్టు మెట్ల మీద కూర్చుని, టేపు మొత్తం నేల మీద పరిచి, ఒక చెక్క స్కేలు పెట్టి అడుగడుగూ సరిచూస్తున్నాడు. టేపు సాగిపోయిందేమో అని అతని అనుమానం. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఏమీ అనలేదు.

అప్పుడు అటుగా వచ్చాడు సెట్టు కట్టే వడ్రంగి మేస్త్రి. మా వైపు మనిషే. గోడ నిటారుగా ఉందో లేదో చూసే ఇనుప గుండు, దానికి కట్టిన దారం ఎప్పుడూ నడుముకి వేలాడుతూ ఉండేవి.

"ఏంది బాబూ, టేపుకు జరమొచ్చిందా?"

"ఎగతాళి చెయ్యకు మేస్త్రీ, నా ఉద్యోగం పోయేట్టుంది" అని టేపన్న జరిగిందంతా చెప్పాడు.

మేస్త్రి టేపు కొన పట్టుకుని ఒకసారి లాగి చూసి వదిలేశాడు. "టేపు సక్కగనే ఉన్నది. ఇగ మనిషే సక్కగ లేడు గావచ్చు. గోడ ఒంగిందనుకో, కింద కొలిస్తె ఒక లెక్కొస్తది, మీద కొలిస్తె ఒక లెక్కొస్తది. పునాది ఆడ్నే ఉంటది, తలకాయ యాడికో పోతది. ఏయ్ పోరగా, ఇట్రా" అని నన్ను పక్కకి తిప్పి నిలబెట్టి, నా తల పక్కనుంచి గుండు వేలాడదీశాడు. దారం నా చెవి మీంచి, భుజం మీంచి, మోకాలి మీంచి పోయి చీలమండ దగ్గర ఆగింది. "అబ్బో! గోడ లెక్కున్నవ్ గదర. నీ మీద రెండంతస్తులేసినా ఏం గాదు" అన్నాడు. నా ఛాతీ ఇంకో అంగుళం పెరిగింది.

"ఇగ గా హీరో సారును జూడాలె."

చూడటం ఎలా? టేపునే రానివ్వని మనిషి గుండును రానిస్తాడా? మర్నాడు రిహార్సల్లో, హీరోగారు నిలబడే చోటికి పక్కనే ఉన్న స్తంభం సరిచేస్తున్నట్టు మేస్త్రి పైనుంచి దారం వేలాడదీశాడు. హీరోగారు వచ్చి ఆ దారం వైపు చూసి, "ఏంటి మేస్త్రీ?" అన్నారు. "స్తంభం ఒంగిందేమొ అని జూస్తున్న సారూ." "సరిగ్గా నా పక్కనే ఒంగిందా?" అని ఊరుకున్నారు. ఆయన భుజానికి సరిగ్గా దారం కుదిరేట్టు మేస్త్రి జరుపుకున్నాడు. గుండు ఊగకుండా ఒక చేత్తో పట్టుకున్నట్టు నటిస్తూ, దారానికీ చెవికీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో కంటితో చూసి, రెండో చెయ్యి వీపు వెనక పెట్టి మాకు వేళ్ళు చూపించేవాడు. టేపన్నా నేనూ సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకున్నాం. ఊరికే నిలబడి డైరెక్టర్‌గారి మాట వింటున్నప్పుడు రెండు వేళ్ళు. "స్టార్ట్" అనగానే నాలుగు. నడుం మీద చెయ్యి పెట్టి కోపంగా మాట్లాడితే అయిదు. తల్లి మీదికి వంగి "అమ్మా" అన్నప్పుడు మేస్త్రి చేతికి వేళ్ళు చాల్లేదు, మా వైపు తిరిగి మొహమే తేలేశాడు. మధ్యలో హీరోయిన్‌గారు ఎందుకో అటు వచ్చారు. అంతే, ఒక్క వేలు! ఆవిడ ముందు పొట్ట లోపలికి పీల్చి నిలబడేవారు, దాంతో వీపు నిక్కేది, తల దానంతటదే వెనక్కి వచ్చి భుజాల మీద కూర్చునేది. పొట్ట కదిలితే తల కదులుతుందని, నడుం మీద చెయ్యి పెడితే మెడ సాగుతుందని నాకు ఆ రోజే తెలిసింది. రిహార్సల్ అయ్యాక మేస్త్రి గుండు చుట్టుకుంటూ, "గోడైతే కూలగొట్టి మళ్ళ కడ్త. సారునేం జెయ్యాలె?" అన్నాడు.

టేపన్న ఆ అట్ట వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఒరేయ్, నువ్వు రోజూ ఆయన్ని చూస్తూనే ఉంటావు. ఆయన మెడ చాపుతారని నీకు తెలుసా?"

"నాకేమెర్క అన్నా."

"నిజం చెప్పరా."

"నిజంగనే. నేను గీత మీద నిలబడమంటె నిలబడ్డ. మెడ సంగతి నాకెవలన్న జెప్పిన్రా?" అని పైగా నేనే కోపం తెచ్చుకున్నాను. అతను అట్ట మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ పెన్సిల్ గీతల సంగతి చూద్దాం. తల కొలవాలని కనిపెట్టింది నేను కాదు, మేస్త్రి. నేను కనిపెట్టిందల్లా సిగరెట్ పెట్టె మాత్రమే. (ఖాళీది.) హీరోగారి మెడ దారిలో పడలేదు కూడా, ఆఖరి సినిమా దాకా ఆయన అలాగే చాపారు. ఇంకొకటి చెప్పాలి. ఆయన మెడ చాపుతారని నాకు మూడో రోజునుంచే తెలుసు. అంతేకాదు, ఆ వారంలో మిగతా రోజులన్నీ నేనూ అచ్చం ఆయనలాగే తాబేలు మెడ పెట్టి నిలబడ్డాను. ఆ కొలతలన్నీ సరిగ్గానే వచ్చాయి. తర్వాత ఒక రోజు డైరెక్టర్‌గారు కెమెరాలోంచి నన్ను చూస్తూ, "ఎవరయ్యా ఈ కుర్రాడు? మొహం బాగుందే" అన్నారు. ఎవరితో అన్నారో, ఎందుకన్నారో దేవుడికే తెలియాలి. ఆ ఒక్క మాటతో నాకు మతిపోయింది. ఇంటికెళ్ళి అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడి చూసుకుంటే, ఆ మెడ పెట్టినప్పుడు నేను కొంగలా ఉన్నాను. మర్నాటి నుంచి మెడ వెనక్కి లాగేశాను. హీరోని తీసేసి నన్ను పెట్టుకోకపోతారా అన్న ఆశ. హవల్దారూ లేదు, క్రమశిక్షణా లేదు. టేపన్న అడిగినప్పుడల్లా "అచ్చం గట్లనే" అంటూ, డైరెక్టర్ కంట్లో పడటానికి గునపంలా నిలబడ్డాను. ఇన్నేళ్ళూ హీరోగారి మెడను తిట్టుకున్నానే, ఆ మెడ ఏ రోజూ ఎవరికీ అబద్ధం చెప్పలేదు. రోజూ ఒకే చోటికి, అదే నాలుగు వేళ్ళు ముందుకు వచ్చింది.

ఆ పొద్దున రానే వచ్చింది. టేపన్న ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. (పెట్టె కూడా సర్దుకునే వచ్చాడని తర్వాత తెలిసింది.) సెట్లో మంచం, లాంతరు, స్తంభం, వెనక గుమ్మానికి వేలాడే పాత చీర తెర, అన్నీ ఎక్కడివక్కడే. హీరోగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. కెమెరామన్‌గారు అందరి ముందూ, "ఊఁ, చెప్పు. ఎవడి వల్ల తప్పింది?" అన్నారు. టేపన్న టేపు కొసను వేలికి చుట్టుకున్నాడు. హీరోగారి మెడ అంటే హీరోగారికి అవమానం, ఆయన ఒక్క మాటంటే ఇతను ఆ క్షణమే బయట. నిటారుగాడు అంటే నా ఉద్యోగం పోతుంది. రెండూ అనలేక నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. కెమెరామన్‌గారు "సరే, అయితే..." అని ఏదో అనబోయారు.

అప్పుడు నేను ముందుకొచ్చాను. "సార్, తప్పు అన్నది కాదు, నాది. హీరో సారు నిలబడ్డట్టు నేను నిలబడలే. అన్న అడిగినప్పుడల్ల అబద్ధం జెప్పిన. పంపేస్తే నన్ను పంపున్రి" అన్నాను. ఆ మాటకు హీరోగారి మనసు కరిగిపోయింది. కుర్చీలోంచి లేచి వచ్చి, నా భుజం తట్టి, "టేపు ఇటు తీసుకురావయ్యా. నా కంటికే పెట్టి కొలుచుకో" అన్నారు. పాడె, దిష్టి, కొబ్బరికాయలు, అన్నీ ఆ పూటకి గాలికొదిలేశారు. మెడ ఎంత చాపుతారో అంతా చాపి, కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టి నిలబడ్డారు. టేపన్న కొలిచాడు. వారం తర్వాత తెర మీద ఆయన కన్నీటి చుక్కలో లాంతరు కూడా కనబడింది. చెవులు మసక. టేపన్న మద్రాసు బండెక్కలేదు. వాళ్ళ పెద్దమ్మాయి మా గల్లీలోనే పుట్టింది. అతను తర్వాత తర్వాత పెద్ద కెమెరామన్ అయ్యాడు. నేను హీరోని కాలేదు కానీ, చాలా సినిమాల్లో గుంపులో నా వీపు స్పష్టంగా కనబడుతుంది.

ఇది రాసి, నిన్న మధురానగర్‌లో టేపన్న ఇంటికి తీసుకెళ్ళాను. ఇప్పుడు అతనికి డెబ్భై దాటాయి. కళ్ళజోడు పెట్టుకుని, కాగితాల మీదికి వంగి చదువుతుంటే అతని చెవి భుజానికి జానెడు ముందుంది. ఎదురుగా కూర్చున్న నాది కూడా అంతే ఉండుంటుంది. క్లినిక్ అమ్మాయి మీద కోపం ఎటో పోయింది. అద్దం ముందు పక్కకి తిరిగి తనను తాను చూసుకుని మురిసిపోయిన ఆ ఇరవై రెండేళ్ళ వెధవను తలుచుకుంటే నవ్వు కూడా వచ్చింది. పోనీలే, చివరికి ధైర్యం చేశాడు కదా అనుకున్నాను. టేపన్న చదవడం ముగించి, కాగితాలు మడిచి, కళ్ళజోడు తీశాడు.

"మెడ సంగతి, మేస్త్రి సంగతి బాగానే రాశావు. నువ్వు ముందుకొచ్చావని రాశావేంట్రా?"

"ముందుకొచ్చిన గద అన్నా."

"ఎక్కడొచ్చావు? కెమెరామన్‌గారు నన్ను అడుగుతుంటే నువ్వు సెట్లోనే కనబళ్ళేదు. ఆ చీర తెర వెనక దాక్కున్నావు."

"దాక్కున్ననా? నీకెట్ల తెలుసు?"

"నాకే కాదు, అందరికీ తెలుసు. తెర కింద నుంచి నీ కాళ్ళు కనబడుతున్నాయి. హీరోగారు నా వైపు చూశారు, ఆ కాళ్ళ వైపు చూశారు. అప్పుడు లేచి, 'వాళ్ళనేమీ అనకండి, నేనే మెడ చాపాను, తప్పు నాది' అన్నారు. ఆ మాట ఆయనది. నీ పేరు కొట్టేసి ఆయనకి రాయి."